ఊళ్లో బందూకు పేల్చొద్దన్న హుకుం ఏ కాగితంలో ఉంటుంది? వెతికే పద్ధతి ఇదీ

మా తాతకు ఒక బందూకు ఉండేదట. పోలీస్ యాక్షన్ అయిన ఏడు దసరాకు జమ్మి చెట్టు దగ్గర గాల్లోకి ఒక దెబ్బ పేల్చిండట, తెల్లారి అమీన్ సాబ్ వచ్చి బందూకు గుంజుకపోయిండట. మా బాపు ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా చివర ఒక మాట తప్పకుండా కలుపుతాడు: "ఊళ్లె పేల్చొద్దని నైజాం హుకుం ఉండె బిడ్డా." ఆ హుకుం ఏది, ఎప్పటిది, ఎవరిచ్చారు అని అడిగితే మాత్రం "ఉండె అంటే ఉండె" అంటాడు. తాత ట్రంకు పెట్టెలో ఉర్దూ కాగితం ఒకటి దొరికింది, నాకు దాంట్లో ఫస్లీ సంవత్సరం (నైజాం సర్కారు వాడిన సంవత్సర లెక్క) తప్ప ఇంకేం అర్థం కాలేదు. అక్కడ మొదలైంది ఈ పిచ్చి.

రెండేళ్లు వెతికాను, అందులో మొదటి ఏడాది మొత్తం దండగ. ఎందుకంటే అందరిలాగే నేనూ ఆయుధాల చట్టం పట్టుకుని కూర్చున్నాను. ఈ పనిలోకి దిగేవాళ్లు ఆ తప్పు చేయకూడదనే ఇదంతా రాస్తున్నాను. వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ వైపు ఊళ్ల చరిత్ర రాసుకునేవాళ్లకు, ఇంట్లో పాత లైసెన్సు కాగితాలు ఉన్నవాళ్లకు పనికొస్తుంది.

ముందు ఒక్క విషయం బుర్రలో పెట్టుకోండి. తుపాకి ఇంట్లో ఉంచుకోవడం ఒక సంగతి, దాన్ని పేల్చడం ఇంకో సంగతి. ఉంచుకోవడానికి లైసెన్సు ఉంటుంది, అది మనిషికి అంటుకుని ఉంటుంది. పేల్చొద్దన్న రూలు మాత్రం మనిషికి కాదు, జాగకు అంటుకుని ఉంటుంది: ఈ బజార్లో వద్దు, ఈ కంటోన్మెంటులో వద్దు, ఈ అడవిలో వద్దు. 1878 నాటి బ్రిటిష్ ఇండియా ఆయుధాల చట్టం తిరగేస్తే అందులో తయారీ, అమ్మకం, దిగుమతి, వెంట తీసుకుపోవడం, లైసెన్సు, ఇవే. ఊళ్లో పేల్చడం గురించి వెతికితే చేతికి ఏమీ తగలదు. ఆ మాట ఉండేది పట్టణాల చట్టాల్లో, పోలీసు ఉత్తర్వుల్లో, కంటోన్మెంట్ రూళ్లలో, అడవి చట్టాల్లో. అందుకే మొదట అడగాల్సింది "ఏ చట్టం" అని కాదు, "ఎవరి జాగ, ఏ తేదీ, ఏ అధికారి" అని.

అసలు ఇలాంటి రూలు చూడ్డానికి ఎలా ఉంటుంది

రూలు ముఖం తెలియకుండా వెతికితే కళ్ల ముందున్నా గుర్తుపట్టలేం. అందుకని కొంచెం దూరం పోయి అమెరికా పాత పట్టణాలు చూద్దాం, వాళ్లవి శుభ్రంగా అచ్చయి ఉన్నాయి, చదవడం నేర్చుకోవడానికి బాగుంటాయి. 1721లో ఫిలడెల్ఫియాకు ఒక చట్టం చేశారు, గవర్నర్ ప్రత్యేక అనుమతి లేకుండా తుపాకి పేలిస్తే 5 షిల్లింగుల జరిమానా. దాని అసలు భయం మనుషులకు తగులుతుందని కాదు, ఊరు అంటుకుంటుందని. మందు నిప్పురవ్వ పడితే కట్టెల ఇళ్లు ఎంతసేపు! 1731లో రోడ్ ఐలండ్‌లో న్యూపోర్ట్ పట్టణం కోసం చేసిన చట్టం చీకటి పడ్డాక వీధుల్లోనూ సారాయి దుకాణాల్లోనూ పేల్చొద్దంది (ఎందుకో మన కల్లు కంపౌండు చూసినవాడికి చెప్పక్కర్లేదు). 1746లో బోస్టన్‌లో పెట్టిన చట్టం ఇంకా జాగ్రత్తగా రాసింది, సీసపు రవ్వలుగానీ గుండుగానీ నింపిన తుపాకి పట్టణంలో పేలిస్తే 40 షిల్లింగులు అని. "నింపిన" అన్న మాట చూశారా? ఉత్త మందు పోసి చప్పుడు చేస్తే ఆ అక్షరాల కిందికి రాదు.

ఈ మూడు చదివితే ఏ రూలునైనా ఏం అడగాలో తెలిసిపోతుంది. ఎక్కడ వద్దంది, ఎప్పుడు వద్దంది, ఎలాంటి పేలుడు వద్దంది, ఎవరు అనుమతి ఇవ్వొచ్చు, తప్పితే ఎంత కట్టాలి. నేను ఒక నోటుబుక్కు పెట్టుకుని ప్రతి కాగితానికీ ఈ ఐదూ రాసుకుంటాను. ఐదింట్లో మూడు ఖాళీగా మిగిలితే అది రూలు కాదు, దాని గురించి ఎవరో చెప్పిన మాట అని అర్థం.

మన దేశంలో ఈ రూలుకు ఒక అచ్చుమూస లాంటి వాక్యం ఉంది. కంటోన్మెంట్ల చట్టం 1924లో, ఉత్తరాది మునిసిపల్ చట్టాల్లో దాదాపు అదే వాక్యం తిరుగుతూ ఉంటుంది: దారిన పోయేవాళ్లకు, చుట్టుపక్కల ఉండేవాళ్లకు, పనిచేసుకునేవాళ్లకు ప్రమాదం కలిగేలా తుపాకులు పేల్చినా, బాణసంచా కాల్చినా, నిప్పు బుడగలు ఎగరేసినా, చివరికి ఏదైనా ఆట ఆడినా జరిమానా అని. తుపాకినీ టపాకాయనూ గోలీలాటనూ ఒకే తాటికి కట్టారు చూడండి. అంటే వాళ్ల దృష్టిలో ఇది నేరం కంటే ఎక్కువగా బజారు గోల. అందుకే ఇలాంటివి వెతికేటప్పుడు "తుపాకి" అన్న శీర్షిక కింద దొరకవు, "ప్రజలకు ఇబ్బంది" అన్న అధ్యాయంలో, చెత్త పారేయడం, పశువులు విడవడం లాంటివాటి పక్కన నక్కి ఉంటాయి. ఇది తెలియక నేను ఎన్ని విషయసూచికలు వృథాగా తిరగేశానో.

మీ ఊరు అప్పుడు ఎవరి కింద ఉంది

ఇది అన్నిటికంటే పెద్ద మెట్టు, ఇక్కడే టైమ్ పెట్టండి. నైజాం రాజ్యం బ్రిటిష్ ఇండియా కాదు. అక్కడి చట్టం ఇక్కడ నడవదు. ఇండియన్ పీనల్ కోడ్ బదులు ఇక్కడ తాజీరాత్-ఎ-ఆసఫియా ఉండేది. కాబట్టి "1878 చట్టం ప్రకారం మా వరంగల్‌లో..." అని ఎవరైనా రాస్తే అక్కడే ఆపేయొచ్చు.

కానీ రాజ్యం లోపల కూడా అంతా ఒకటే కాదు. నేరుగా సర్కారు కింద ఉండే ఖల్సా ఊరా, నిజాం సొంత సర్ఫెఖాసా, ఒక దొరకు రాసిచ్చిన జాగీరా, పెద్ద నవాబుల పాయిగానా, పాత రాజుల సంస్థానమా? పెద్ద జాగీర్లకు వాళ్ల సొంత పోలీసు, కచేరీ ఉండేవి. మా బాపు కథలో "అమీన్" వచ్చాడంటే సర్కారు పోలీసా, జాగీరు పోలీసా అన్నది ఊరి హోదా తెలిస్తే గానీ తేలదు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, ఆ తర్వాతి కాగితాలకు ఈ చిక్కు లేదు. ఊరి హోదా కోసం సేత్వార్ (మొదటి సర్వే నాటి భూముల రిజిస్టరు) చూడండి, అది దొరక్కపోతే 1954-55 ఖాస్రా పహాణీ, అదీ కాకపోతే ఊళ్లో పాత పట్వారీ కుటుంబాన్ని అడగండి. చివరిది చాలాసార్లు మొదటి రెండింటికంటే తొందరగా పనవుతుంది, చాయ్ కూడా దొరుకుతుంది.

జిల్లా పేరు కూడా మోసం చేస్తుంది. 1905కు ముందు కరీంనగర్ అని వెతికితే దొరకదు, ఎలగందుల అని వెతకాలి. ఆదిలాబాద్ కూడా అంతే, సిర్పూర్-తాండూరు అని ఉంటుంది. వరంగల్ ఒక సుబా, దాని కింద వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు. సుబాకు సుబేదారు, జిల్లాకు అవ్వల్ తాలూకాదారు (ఇప్పటి కలెక్టరు లాంటివాడు), పోలీసులో మొహతమీమ్ అంటే ఎస్పీ, అమీన్ అంటే ఎస్సై. ఊళ్లో మాలీ పటేల్, పోలీస్ పటేల్, పట్వారీ. కాగితం కింద ఎవరి ముద్ర ఉందో చూస్తే ఆ హుకుం ఎంతదూరం నడిచిందో తెలుస్తుంది. పోలీస్ పటేల్ డప్పు కొట్టించి చెప్పిన మాట ఊరి పొలిమేర దాకానే.

ఇక గోదావరి. ములుగు జిల్లా వాళ్లు ఇది తప్పకుండా చదవండి. ఇవాళ ఏటూరునాగారం, వాజేడు, వెంకటాపురం అన్నీ ఒకే జిల్లా. అప్పట్లో మధ్యలో ఉన్న నది రెండు రాజ్యాల హద్దు. ఈ ఒడ్డు నైజాం, ఆ ఒడ్డు నూగూరు తాలూకా, బ్రిటిష్ వాళ్లది, మద్రాసు కింద ఏజెన్సీ. ఇంకాస్త పైకి పోయి ప్రాణహిత దాటితే సిరొంచ, అది సెంట్రల్ ప్రావిన్సెస్. అంటే ఈ ఒడ్డున కొట్టిన దుప్పి నది దాటి అవతల పడితే, వెంట పడి పోయిన వేటగాడు రాజ్యం మారినట్టే, 1878 చట్టం ఉన్న నేల మీద కాలు పెట్టినట్టే. వాజేడు పాత కాగితాల కోసం హైదరాబాద్ తార్నాక ఆర్కైవ్స్‌లో వెతికితే లాభం లేదు, మద్రాసు రికార్డుల దారి పట్టాలి. భద్రాచలం, నూగూరు 1959లో గానీ ఖమ్మం జిల్లాలో కలవలేదు.

కాజీపేట వాళ్లకు ఇంకో మెలిక. రైలు పట్టాల కింది నేల మీద అధికారాన్ని నిజాం బ్రిటిష్ వాళ్లకు వదిలాడు, కాబట్టి స్టేషన్ ఆవరణలో ఒక చట్టం, గేటు దాటితే ఇంకో చట్టం. ఆ అధికారం ఎంతవరకు అన్నది లండన్ ప్రివీ కౌన్సిల్ (అప్పటి అన్నిటికంటే పై కోర్టు) దాకా పోయింది, 1897లో యూసుఫుద్దీన్ కేసులో. సిమ్లాలో జరిగిందన్న నేరానికి అక్కడి మేజిస్ట్రేటు వారంటుతో హైదరాబాద్ రైల్వే నేల మీద ఒకాయన్ని పట్టుకున్నారు. రైల్వేకు సంబంధించిన వాటికే ఆ అధికారం పరిమితం, ఈ అరెస్టు చెల్లదు అన్నారు. ప్లాట్‌ఫారం మీద తుపాకి పేలితే ఎవరి కేసు అని తలపట్టుకునే రోజులన్నమాట.

ఫస్లీ లెక్క

కాగితం మీద 1348 అని ఉంటే కంగారుపడకండి. మన హైదరాబాద్ ఫస్లీ ఆజూర్ నెలతో మొదలవుతుంది, అక్టోబరు మొదటి వారంలో. ఆ తర్వాత దై, బహమన్, ఇస్ఫందార్, ఫర్వర్ది, ఉర్దిబెహిష్త్, ఖుర్దాద్, తీర్, అమర్దాద్, షహ్రేవర్, మెహర్, ఆబాన్. అక్టోబరు నుంచి డిసెంబరు ఆఖరు దాకా పడే తేదీలకు 590 కలపాలి, జనవరి వచ్చాక 591. అంటే 1348 ఫస్లీ 1938 అక్టోబరులో మొదలై 1939 అక్టోబరులో అయిపోతుంది. నెల చూడకుండా ఉత్త సంవత్సరం చూసి కలిపేస్తే ఒక ఏడాది అటో ఇటో పోతుంది. నేను మా తాత కాగితం మీద 1358 చూసి గుడ్డిగా 591 కలిపి 1949 అని రాసిపెట్టుకున్నాను. దాని సంగతి చివర్లో.

ఆంధ్ర వైపు ఫస్లీ జూలై 1న మొదలవుతుంది. కాబట్టి అటువైపు వాళ్లు చేసిన పట్టికలు మన కాగితాలకు వాడకండి. ఇంకో జాగ్రత్త, ఉర్దూ అంకెల్లో 2కూ 3కూ తేడా ఒక్క పన్నే, సిరా కాస్త అలికితే ఏదో చెప్పలేం. కొన్ని కాగితాల్లో హిజ్రీ తేదీ కూడా పక్కన ఉంటుంది, ఉంటే దాంతో సరిచూసుకోండి. ఇక 1884కు ముందువైతే సర్కారు భాష ఉర్దూ కూడా కాదు, ఫార్సీ.

కాగితాలు ఎక్కడుంటాయి

నైజాం ప్రభుత్వ గెజిట్ పేరు జరీదా-ఎ-ఏలామియా. చట్టాలు, నియామకాలు, ఉత్తర్వులు అందులో వచ్చేవి. కానీ మన పనికి గెజిట్ కంటే గస్తీలు ముఖ్యం. గస్తీ అంటే శాఖల మధ్య తిరిగే సర్క్యులర్. తెలంగాణ చరిత్ర చదివినవాళ్లకు గస్తీ నిషాన్ 53 గుర్తుండే ఉంటుంది, అనుమతి లేకుండా సభలు పెట్టొద్దని జనం నోళ్లు కట్టేసింది చట్టం కాదు, ఆ ఒక్క సర్క్యులర్. జనం "హుకుం ఉండె" అని చెప్పుకునేవాటిలో ఎక్కువ భాగం ఇలాంటివే అని నా అంచనా. చట్టాల పుస్తకంలో కనబడలేదు కాబట్టి రూలు లేదు అని తేల్చేయకండి.

అన్నిటికీ పెద్ద ఇల్లు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్. మొఘలుల కాలం నుంచి ఫార్సీ, ఉర్దూ కాగితాలు అక్కడున్నాయి. పోయేముందు ఉత్తరం రాసి పెట్టుకోండి: ఏ జిల్లా, ఏ ఫస్లీ నుంచి ఏ ఫస్లీ, ఏ శాఖ. "తుపాకుల గురించి అన్నీ" అని అడిగితే ఎవరైనా తల అడ్డంగానే ఊపుతారు. కొత్వాలీ (పోలీసు), అదాలత్ (కోర్టులు), జంగ్లాత్ అని శాఖ పేరు పెట్టి అడిగితే పని జరుగుతుంది. జంగ్లాత్ అంటే అడవుల శాఖ, యుద్ధం కాదు. నేను జంగ్ అన్న మాట చూసి మిలిటరీ ఫైలనుకుని రెండు రోజులు పోగొట్టుకున్నాను, నవ్వకండి.

హనుమకొండలో 1904 నాటి రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం ఉంది, పాత తెలుగు పత్రికలకు ఇలాంటి గ్రంథాలయాలే దిక్కు. పత్రికలో వచ్చిన చిన్న వార్త, "ఫలానా ఊళ్లో తుపాకి పేలి ఒకరికి గాయం" అన్నది, ఒక్కోసారి ఉత్తర్వు తేదీ పట్టిస్తుంది, ఎందుకంటే ఇలాంటి హుకుంలు ఎక్కువగా ఏదో ఒకటి జరిగాకే వస్తాయి. 1909లో అచ్చయిన ఇంపీరియల్ గెజిటీర్ హైదరాబాద్ సంపుటం ఊరు ఏ తాలూకా, ఏ జాగీరు అన్నదానికి బాగుంటుంది, రూళ్ల కోసం మాత్రం కాదు.

ఇప్పటి ఆఫీసుల్లో ఉండొచ్చనుకుంటే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి, 10 రూపాయల దాకా రుసుము, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. నాకు ఒక ఆఫీసు నుంచి "మీరు అడిగిన భాష మా దగ్గర లేదు" అని వచ్చింది. ఉర్దూ కాగితం ఉంది, చదివేవాడు లేడు అని నేను అర్థం చేసుకున్నాను. మళ్లీ పెట్టాను, ఈసారి నకలు ఇవ్వండి చాలు, చదవడం నా తిప్పలు అని రాశాను. ఇచ్చారు.

చదవడానికి మనిషిని వెతుక్కోవాలి. ఫోన్‌లో ఫొటో తీసి యాప్‌కు చూపిస్తే షికస్తా అనే గొలుసుకట్టు ఉర్దూ రాతకు అది చేతులెత్తేస్తుంది. వరంగల్ మట్వాడలోనో మండిబజార్లోనో పాత ఉర్దూ మీడియం మాస్టారు ఒకరు కచ్చితంగా దొరుకుతారు. డబ్బులిస్తానంటే కోప్పడతారు, పండ్లు పట్టుకుపోండి.

దొరికిన రూలు ఇంకా బతికే ఉందా

ఇది సరదా భాగం. హైదరాబాద్ నగర పోలీసు చట్టం, 1348 ఫస్లీ. పేరు వింటే మ్యూజియం వస్తువు అనిపిస్తుంది కదా? 2015లో వరంగల్ పోలీసు కమిషనరేట్ అయింది, 2016లో కరీంనగర్, రామగుండం అయ్యాయి, ఆ చట్టం వాటికీ వచ్చింది. నిజాం కాలంలో హైదరాబాద్ బస్తీ కోసం చేసింది, డెబ్బై ఏళ్లు దాటాక హన్మకొండ చౌరస్తాకు చేరింది, నైజాం ఉన్నప్పుడు మన మీద లేనిది నైజాం పోయాక వచ్చింది. పేపర్లో "సిటీ పోలీస్ యాక్ట్ ప్రకారం నిషేధాజ్ఞలు" అని పోలీసు కమిషనర్ (సీపీ) ఉత్తర్వులు వస్తుంటాయి, ఆయుధాలు పట్టుకు తిరగడం, డీజేలు, డ్రోన్లు, అన్నీ అందులోనే. అది చదివినప్పుడల్లా కింద సంవత్సరం చూడండి.

కమిషనరేట్ కాని జిల్లాల్లో "30 యాక్ట్ అమల్లో ఉంది" అంటారు, అది 1861 పోలీసు చట్టంలోని 30వ సెక్షను, సభలకు, ఊరేగింపులకు సంబంధించింది, తుపాకికి కాదు. రెండూ కలిపి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, మీరు కలపకండి. 144 సెక్షను వేరే, ఇప్పుడు కొత్త నాగరిక్ సురక్షా సంహితలో అది 163. దాని ఉత్తర్వు మామూలుగా 2 నెలలకు మించి నడవదు, కాబట్టి పాత 144 ఉత్తర్వు దొరికితే అది ఆ రెండు నెలల చరిత్ర మాత్రమే, "అప్పట్నుంచి నిషేధం" అని రాయకూడదు.

అడవి వైపు లెక్క ఇంకా గట్టిది. 1355 ఫస్లీ హైదరాబాద్ అటవీ చట్టం, దాని స్థానంలో 1967 చట్టం, ఆ పైన 1972 వన్యప్రాణి చట్టం. పాకాల, ఏటూరునాగారం, కవ్వాల్ అభయారణ్యాల్లోకి రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో అడుగే పెట్టకూడదు, పేల్చడం దాకా పోనక్కర్లేదు. అభయారణ్యానికి 10 కిలోమీటర్ల లోపల ఉండే లైసెన్సుదారులు తమ పేరు నమోదు చేయించుకోవాలని కూడా అందులో ఉంది. గణపతిదేవుడి కాలపు పాకాల చెరువు చుట్టూ ఒకప్పుడు షికారు సాగేది. ఇప్పుడు అదే అడవిలో తుపాకి కనబడితే కేసు. అడవి పందుల కోసం రైతులు భర్మార్లు పెట్టుకునేవాళ్లు, పంట కాపలాకు నోటిలోంచి మందు కూరే తుపాకికి లైసెన్సు ఇచ్చే వీలు 1959 ఆయుధాల చట్టంలోనే ఉంది. కానీ పంట కాపలా లైసెన్సు అంటే పక్క చేలోకి పోయి కుందేలును కొట్టమని కాదు, పాత కేసుల్లో గొడవంతా అక్కడే.

అన్నిటికంటే కొత్తది ఆ ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ. 1959 చట్టం 1962 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. పెళ్లిళ్లలో, గుళ్లలో, జనం గుమిగూడిన చోట సంబరానికి పేల్చడాన్ని పేరు పెట్టి నేరం చేయడానికి ఇంకో యాభై ఏడేళ్లు పట్టింది. 2 సంవత్సరాల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. దానికి ముందే 2016 ఆయుధాల నియమాలు బహిరంగ ప్రదేశంలో పేల్చడం నిషేధం అన్నాయి. అంతకుముందు ఇలాంటివాటిని ఎక్కువగా పీనల్ కోడ్ 336 కింద చూసేవాళ్లు, నిర్లక్ష్యంగా ప్రాణాలకు ముప్పు తేవడం, 3 నెలలు, 250 రూపాయలు. జాగ చూసి పేల్చొద్దనే రూలు మొదటిసారి ప్రధాన ఆయుధ చట్టంలోకి వచ్చింది ఇక్కడే. నేను ఏడాది పాటు వెతికింది అక్కడ దొరక్కపోవడానికి కారణం కూడా ఇదే, అప్పటికి అది అక్కడ లేదు.

మరి మేడారంలో? చిలుకలగుట్ట నుంచి సమ్మక్కను తెచ్చేటప్పుడు జిల్లా ఎస్పీ గాల్లోకి కాల్పులు జరిపి స్వాగతం పలుకుతారు, లక్షల మంది మధ్య. అది సర్కారు లాంఛనం, తల్లికి ఇచ్చే వందనం, దాన్ని చూసి మన పెళ్లి బరాత్‌లో కూడా అనుకుంటే మాత్రం లక్ష రూపాయలు సిద్ధం చేసుకోండి.

ఎన్నికలప్పుడు లైసెన్సు తుపాకులు ఠాణాలో జమ చేయమంటారు కదా, ఆ రసీదులు పారేయకండి. యాభై ఏళ్ల తర్వాత ఎవడో నాలాంటి వాడికి అవే ఆధారం.

వెతుకుతుంటే నిజంగానే బందూకు బయటపడితే

జరుగుతుంది. అటక మీదో, గడ్డివాములోనో. మొదటి మాట: పనిచేస్తుందో లేదో చూద్దామని ముట్టుకోకండి. లోపల పాత మందు కూరి ఉండొచ్చు. ఫొటో తీసి స్టేటస్ పెట్టడం రెండో తప్పు. లైసెన్సుదారు చనిపోతే ఆ ఆయుధాన్ని ఆలస్యం చేయకుండా ఠాణాలోనో లైసెన్సున్న డీలరు దగ్గరో జమ చేయాలి, వారసులు తర్వాత తమ పేరున లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. బాగు చేసినా పేలే వీల్లేని పాత, పురాతన తుపాకులకు 1959 చట్టం 45వ సెక్షనులో మినహాయింపు ఉంది, కానీ అది పేలదు అని తేల్చాల్సింది మీరో మీ మేనమామో కాదు. ఒక వకీలును వెంటబెట్టుకుని ఠాణాకు రాసిచ్చి నకలు మీద స్టాంపు వేయించుకోండి. చేతిలో తుపాకి పట్టుకుని నేరుగా ఠాణాకు నడిచి పోకండి, ముందు కబురు చేయండి. మనకు టెన్షన్, వాళ్లకు టెన్షన్.

ఇక మా తాత కాగితం. దాన్ని చదివిపెట్టిన మౌల్వీ సాబ్ కళ్లజోడు తుడుచుకుని రెండుసార్లు చదివి, "బేటా, ఇది లైసెన్సు కాదు, జుర్మానా కాగితం కూడా కాదు. బందూకు ఠాణాలో జమ చేసినట్టు రసీదు" అన్నారు. తేదీ అడిగాను. ఆజూర్ 3, 1358. రెండో మూడో అని ఇద్దరం కాసేపు దీపం కింద పెట్టి చూశాం, ఏదైనా పెద్ద తేడా రాదు. ఆజూర్ కాబట్టి 591 కాదు, 590. అంటే 1949 కాదు, 1948 అక్టోబరు, అదీ పదో తేదీ కూడా రాలేదు. పోలీస్ యాక్షన్ సెప్టెంబరు 17న ముగిసింది, ఆ ఏడు దసరా అక్టోబరు 12న. బందూకు అప్పటికి మూడు నాలుగు రోజుల కిందటే ఠాణాకు చేరిపోయింది.

ఇంటికొచ్చి బాపుకు చెప్పాను. జమ్మి రోజు తాత చేతిలో బందూకు లేదు బాపూ, అమీన్ సాబ్ తెల్లారి వచ్చి గుంజుకపోవడానికి ఏమీ మిగల్లేదు అని. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత బీడీ ముట్టించుకుని అన్నాడు:

"మరి ఆ దెబ్బ నేను చెవులార ఇన్న. పేలింది ఎవని బందూకురా?"